కోడి కడుపులోని సూక్ష్మజీవులు

కోళ్ళ పెంపకమును గూర్చి మాకు వచ్చెడి జాబులు రెండు విధములు. కొన్ని పెంచువారు వ్రాయునవి, కొన్ని తినువారు వ్రాయునవి. "మేతలో ఏమి కలిపినచో పిల్లలు త్వరగా ఎదుగును?" అని పెంచువారు అడుగుదురు. "ఆరు వారములలో రెండు కిలోలు తూగు కోడికి ఏమి పెట్టుచున్నారు? దానిని మా పిల్లలకు వండిపెట్టవచ్చునా?" అని తినువారు అడుగుదురు. ఈ రెండు ప్రశ్నలకును సమాధానము చాలవరకు ఒక్కచోటనే ఉన్నది. అది కోడి కడుపు.

కొన్ని నెలల క్రిందట పశ్చిమగోదావరి జిల్లాలో ఒక రైతు ఫారమును చూడబోయితిమి. రెండు షెడ్లు, ఒక్కొక్కదానిలో నాలుగువేల మాంసపు కోళ్ళు. మేత గదిలో ఒక మూలనున్న సంచిని చూపి అదేమని అడిగితిమి. "గ్రోత్ పౌడరండి. టన్నుకింతని కలుపుతాం" అనెను. అందులో ఏమున్నదో ఆయనకు తెలియదు. సంచిమీది వ్రాతను మేము చదివి చెప్పితిమి. అది టెట్రాసైక్లిన్ అను కుటుంబమునకు చెందిన క్రిమినాశకౌషధము. ఆ వారముననే ఆయన భార్యకు జ్వరము రాగా పట్టణములోని డాక్టరు వ్రాసియిచ్చిన గొట్టపు మాత్రలును ఆ కుటుంబమునకు చెందినవే.

కడచిన రెండు పర్యాయములు ఆయన పిల్లలకు పారుడు పట్టినదట. మొదటిసారి మూడువందలు, రెండవసారి ఆరువందలు చచ్చినవి. పూర్వము పనిచేసిన మందు ఈమారు పనిచేయలేదు. "మానేద్దామంటే కోడి తూకం తగ్గిపోద్దేమోనని బయమండి. వేద్దామంటే, జబ్బొచ్చినప్పుడు మందు పనిచెయ్యట్లేదు. ఏం చెయ్యమంటారు?" అని ఆయన అడిగెను. ఈ ప్రసంగము ఆ ప్రశ్నకు సమాధానముగా తయారుచేసికొన్నది.

ముందుగా కోడి కడుపు ఎట్టిదో చూతము. కోడికి పండ్లు లేవు. మ్రింగిన గింజ మెడ క్రిందనున్న సంచిలో కొంతసేపు నానును. అచ్చటినుండి జీర్ణరసములు ఊరు భాగమునకు, పిమ్మట కందనకాయకు చేరి, అచ్చట తిరుగటిలోవలె నలుగును. తరువాత సన్నప్రేగులో దాని సారము రక్తములోనికి చేరును. సన్నప్రేగు ముగిసి పెద్దప్రేగు మొదలగుచోట ఒక వైపు మూసియున్న సంచులు రెండు, జోడుగా వ్రేలాడుచుండును. జీర్ణముకాని పీచు, ద్రవము అందు చేరును. సూక్ష్మజీవులకు అది రాజధాని. ఆ సంచులలోని పదార్థము ఒక్క గ్రాములో వేయికోట్లు మొదలు పదివేలకోట్ల వరకు సూక్ష్మజీవులుండును.

ఇన్ని జీవులు కూర్చుండి తినుచుండగా కోడికి నష్టము కాదా అని తోచవచ్చును. నష్టము కొంత కలదు, లాభమును కలదు. కోడి తనంతట జీర్ణింపజేసికొనలేని పీచును ఈ జీవులు పులియజేసి కొన్ని ఆమ్లములను తయారుచేయును. వానిలో బ్యూటిరిక్ ఆమ్లము అనునది ప్రేగుగోడలోని కణములకు ఆహారము. అన్నిటికంటె ముఖ్యమైన లాభము వేరొకటి. మంచి జీవులు గోడ నానుకొని స్థలమంతయు ఆక్రమించియున్నచో, రోగము కలిగించు జీవులకు కాలూనుటకు చోటు దొరకదు.

ఇది మన ఇండ్లలో ప్రతి రాత్రియు జరుగు పనియే. కాచి చల్లార్చిన పాలలో మంచి తోడు వేసినచో తెల్లవారుసరికి గట్టిపెరుగు తోడుకొనును. తోడు వేయక మూత తీసియుంచినచో, గాలిలోని ఏ జీవి ముందు పడిన దానిదే రాజ్యము. పాలు విరిగి కంపుకొట్టును. అప్పుడే గ్రుడ్డునుండి వెలువడిన కోడిపిల్ల కడుపు కాచిన పాలవంటిది. అందు సూక్ష్మజీవులు దాదాపుగా ఉండవు. పూర్వము మన పెరళ్ళలో పెట్ట పొదిగి పిల్లలను చేసినప్పుడు, ఆ పిల్లలు తల్లి రెక్కల క్రింద మసలుచు, తల్లి రెట్టపడిన నేలను ముక్కుతో పొడుచుచు, తొలి గంటలలోనే తల్లి కడుపులోని జీవులను తోడుగా పుచ్చుకొనుచుండెడివి. నేటి ఫారముపిల్ల యంత్రములో పొదుగబడినది. అది తల్లిని ఎరుగదు. శుభ్రమైన పెట్టెలో ప్రయాణముచేసి షెడ్డునకు వచ్చును. దానికి తోడు వేయువారు లేరు. షెడ్డులో ఏ జీవి ముందుగా ఎదురైనచో అదియే కాపురము పెట్టును. ఈ సంగతిని గుర్తుంచుకొన్నచో మిగిలిన కథ సులభముగా బోధపడును.

ఇక మేతలో మందు కలుపు అలవాటు ఎట్లు పుట్టినదో విందము. ఈ కథ ఆరంభమున మన తెలుగువాని పేరు వినబడును. భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమునందలి పెర్ల్ రివర్ అను ఊరిలో లెడర్లీ ప్రయోగశాలలకు పరిశోధనాధిపతిగా ఉండిరి. వారి యాజమాన్యమున బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు మన్నులోని ఒక సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ అను బంగారువన్నె ఔషధమును తీసెను. అది 1948లో లోకమునకు వెల్లడియైనది. టెట్రాసైక్లిన్ కుటుంబమునకు అదియే మొదటిది. మనుష్యుల ప్రాణములు నిలుపుటకై ఆ మందును వెదకిరి. అదే సంవత్సరము ఆగస్టులో సుబ్బారావుగారు కాలధర్మము చెందిరి.

అదే ప్రయోగశాలలో థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ అనువారు కోళ్ళ మేతను పరిశోధించుచుండిరి. మొక్కజొన్న, సోయాపిండి మాత్రమే తిన్న కోడిపిల్లలు సరిగా ఎదుగవు. చేపపొడి, కాలేయము వంటివి చేర్చినచో ఎదుగును. ఆ జంతుపదార్థములలోని శక్తి బి-12 అను విటమిను అని 1948లో తేలినది. అది ఖరీదైనది. ఆరియోమైసిన్ తీసివేసిన తరువాత మిగిలిన పిప్పిలో ఈ విటమిను ఉండవచ్చునని తలచి, జూక్స్ ఆ పిప్పిని కోడిపిల్లలకు పెట్టించెను. ఆ సంవత్సరము డిసెంబరులో తూచి చూడగా, విటమిను వలన పెరుగవలసినదానికంటె అవి హెచ్చుగా పెరిగినవి. పిప్పిలో కొద్దిగా మిగిలియున్న ఔషధమే ఇందుకు కారణమని పిమ్మట రూఢియైనది. 1951లో అమెరికా ప్రభుత్వము పశువైద్యుని చీటీ లేకుండగనే ఇట్టి మందులను మేతలో కలుపుటకు అనుమతించెను. కొద్ది సంవత్సరములలో ఆచారము లోకమంతట వ్యాపించెను. టన్ను మేతకు కొన్ని గ్రాములు మొదలు కొన్ని పదుల గ్రాములు చాలును. రోగము కుదుర్చుటకు ఈ మోతాదు చాలదు. పెరుగుదలకు మాత్రము చాలినది.

రోగములేని కోడికి మందు పెట్టినచో ఎందుకు ఎదుగవలెను? మందు కోడి శరీరముపై పనిచేయుచున్నదా, దాని కడుపులోని జీవులపై పనిచేయుచున్నదా? ఈ ప్రశ్నకు సమాధానము ఇంగ్లండులో దొరకినది. మేరీ కోట్స్ అను శాస్త్రజ్ఞురాలును, ఆమె సహచరులును, సూక్ష్మజీవి అనునది ఏ మాత్రమును ప్రవేశింపని పెట్టెలలో కోడిపిల్లలను పెంచి, తమ ఫలితములను 1963లో ప్రకటించిరి. సూక్ష్మజీవులు లేని ఆ పిల్లలకు పెన్సిలిన్ పెట్టినను పెరుగుదల హెచ్చలేదు. మామూలు షెడ్డులోని పిల్లలకు పెట్టినప్పుడు మాత్రమే హెచ్చినది. అనగా మందు కోడికి బలము ఇచ్చుటలేదు. కడుపులోని కొన్ని జీవులను అణచివేయుచున్నది, అంతియే.

ఆ అణచివేత వలన కోడికి ఒనగూడు లాభములను శాస్త్రజ్ఞులు ఇట్లు చెప్పుచున్నారు. మొదటిది, కోడి మేతను పంచుకొను జీవులు తగ్గును. రెండవది, కొన్ని జీవులు పిత్తరసములోని లవణములను విరుగగొట్టి క్రొవ్వు జీర్ణముకాకుండ చేయును. వాని బాధ తగ్గును. మూడవది, ప్రేగుగోడ పలుచబడి సారము త్వరగా లోనికి పోవును. నాలుగవది, క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అను జీవి ప్రేగును పుండుచేసి కుళ్ళజేయు రోగమును కలిగించును. బయటికి రోగము కనబడకపోయినను లోలోపల కోడిని కృశింపజేయును. దానికి కళ్ళెము పడును. ఐదవది, సూక్ష్మజీవులతో ఎడతెగని పోరాటమునకు శరీరము ఖర్చుచేయు శక్తి మిగిలి, మాంసముగా మారును.

ఇందు ఒక రహస్యము దాగియున్నది. క్రొత్తగా కట్టిన శుభ్రమైన షెడ్లలో ఈ మందుల ప్రభావము స్వల్పమనియు, పాతబడి మురికిపట్టిన షెడ్లలోనే హెచ్చుగా కనబడుననియు తొలినాళ్ళలోనే గమనించిరి. కనుక రైతు ఆ పొడికి ఇచ్చు సొమ్ములో కొంత భాగము తడిసిన ఊకకును, గాలిలేని షెడ్డునకును, ఇరుకునకును కట్టుచున్న జరిమానాయే.

తినువారి ప్రశ్నకును ఇచ్చటనే బదులు చెప్పవలెను. కోళ్ళకు పెరుగుదల హార్మోనుల సూదులు పొడుచుచున్నారని చాలమంది నమ్ముచున్నారు. అది వట్టి అపోహ. వేలకొలది కోళ్ళకు దినదినము సూది పొడుచుట సాధ్యమును కాదు, గిట్టుబాటును కాదు. అట్టి పెరుగుదల హార్మోనును మేతలో పెట్టినచో మాంసకృత్తువలె అరిగిపోవును. నేటి కోడి త్వరగా ఎదుగుటకు ప్రధానకారణము జాతి ఎంపిక. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయమువారు 1957, 1978, 2005 సంవత్సరముల నాటి జాతులను ఒకే మేతతో పెంచి చూచిరి. 56వ దినమున మొదటిది 905 గ్రాములు, రెండవది 1,808 గ్రాములు, మూడవది 4,202 గ్రాములు తూగినది. మేత ఒక్కటే, జాతి మాత్రమే వేరు. ఇంతటి భేదము ఏ పొడివలనను రాదు.

అయినచో కొద్ది మోతాదు మందు వలన కీడేమి? కీడు కలదు. అది కోడికంటె మనకే హెచ్చు. కోట్లకొలది జీవులమీద చాలీచాలని మోతాదున మందు దినదినము పడుచున్నచో, బలహీనమైనవి చచ్చి, మందును తట్టుకొనగలవి మిగిలి, అవియే పెరుగును. అంతటితో ఆగవు. తట్టుకొను విద్యను ఒక జీవి మరియొక జీవికి, వేరు జాతిజీవికి సైతము, అందింపగలదు. స్టువర్ట్ లెవీ అను వైద్యుడును, ఆయన సహచరులును, అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఒక ఫారముపై జరిపిన పరిశోధనను 1976లో ప్రకటించిరి. టెట్రాసైక్లిన్ కలిపిన మేత పెట్టిన వారము దినములలోనే కోళ్ళ ప్రేగులలోని జీవులు దాదాపు అన్నియు ఆ మందును లెక్కచేయనివయ్యెను. ఐదారు నెలలలో, ఆ మందును నోటవేసికొనని ఆ ఇంటివారి కడుపులలోను అట్టి జీవులు ఇరుగుపొరుగువారికంటె హెచ్చుగా కనబడెను.

మన రైతు షెడ్డులో మందు పనిచేయకపోవుటకు కారణము పరీక్షింపక నిశ్చయముగా చెప్పరాదు. కాని దినదినము అదే కుటుంబపు మందును తినిపించినచో, అవసరము వచ్చిననాడు అది మొద్దుబారిన కత్తియగుట ఆశ్చర్యము కాదు. ఆ కత్తి ఆయన కోళ్ళకు మాత్రమే కాదు. ఆయన భార్య జ్వరమునకును కావలసినది. సుబ్బారావుగారి ప్రయోగశాలనుండి వచ్చిన మందును మనము తూకమునకై మేతలో వెదజల్లి అరగదీయుచున్నాము.

దీనిని గుర్తించి మొట్టమొదట అడుగువేసిన దేశము స్వీడన్. అచ్చట 1986లో పెరుగుదలకై మందులు కలుపుట నిషేధించిరి. డెన్మార్కులో అవోపార్సిన్ అను మందును 1995లో నిషేధించిరి. అది మనుష్యులకు కడపటి ఆయుధముగా వాడు వాంకోమైసిన్‌కు దగ్గర బంధువు. 1998లో ఆ దేశపు మాంసపుకోళ్ళ రైతులు ఇట్టి మందులన్నిటిని వదలిరి. అప్పుడు కోళ్ళు కూలిపోయెనా? లేదు. కిలో కోడికి పట్టు మేత సుమారు 16 గ్రాములు మాత్రము హెచ్చినది. ఆ కొద్దిపాటి నష్టమునకు ఎదురుగా మందుల ఖర్చు మిగిలినది. అయితే అన్నిచోట్ల ఇంత సాఫీగా జరుగలేదు. కొన్ని దేశములలో ప్రేగుకుళ్ళు రోగము కొంతకాలము విజృంభించినది. ఐరోపా కూటమి 2006 జనవరి 1 నుండి ఈ వాడుకను సంపూర్ణముగా నిలిపివేసెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2017లో, ఆరోగ్యముగానున్న పశుపక్ష్యాదులకు పెరుగుదలకై ఇట్టి మందులు పెట్టవలదని సలహా ఇచ్చెను. మన ప్రభుత్వము 2019 జూలైలో కొలిస్టిన్ అను మందును ఆహారమునకై పెంచు జంతువులకును, కోళ్ళకును, మేతలకును అమ్మరాదని ఆజ్ఞాపించెను. మరి ఏ మందును పనిచేయనప్పుడు ఆస్పత్రిలో రోగికి ఎక్కించు మందు అది.

మందు మానినచో దాని స్థానమున ఏమి చేయవలెను? ఇచ్చట మరల కాచిన పాల ఉపమానమునకు పోవలెను. ఫిన్లాండులో 1971 ప్రాంతమున కోళ్ళలో సాల్మొనెల్లా అను క్రిమి విజృంభింపగా, ఎస్కో నుర్మి అను శాస్త్రజ్ఞుడు ఒక ఉపాయము కనుగొనెను. ఆరోగ్యమైన పెద్దకోడి ప్రేగులోని జీవులను అప్పుడే పుట్టిన పిల్లలకు ఇచ్చినచో, సాల్మొనెల్లాకు వానిలో చోటు దొరకదని 1973లో ఆయనయు, ఆయన సహచరుడును నిరూపించిరి. పెరటిలో పెట్ట తన పిల్లలకు ఊరకయే చేసిన ఉపకారమును ప్రయోగశాల ఈ విధముగ మరల చేసి చూపినది.

నేడు బజారులో దొరకు మేలుజీవుల పొడులు ఈ త్రోవలోనివే. కొన్నిటిలో పెరుగును తోడుపెట్టు జీవుల బంధువులుండును. కొన్నిటిలో బాసిల్లస్ జాతి జీవులు విత్తనములవలె నిద్రాణస్థితిలో ఉండును; అందువలన మేతను గుళికలుగా చేయునప్పటి వేడికి అవి చావవు. రెండవ తరగతి, మేలుజీవులకు ఆహారమగునవి. ఈస్టు గోడలనుండి తీసిన ఒక చక్కెర పదార్థము సాల్మొనెల్లా వంటి జీవులు ప్రేగుగోడకు బదులుగా తన్నే పట్టుకొనునట్లు చేసి, రెట్టతో బయటికి పంపును. మూడవ తరగతి ఆమ్లములు. ఇవి చెడుజీవుల లోనికి చొచ్చి వానిని క్రుంగదీయును. నాలుగవ తరగతి ఓషధుల నూనెలు. మన వంటింటి వాములోని థైమాల్ అను పదార్థమునకు సూక్ష్మజీవులను అణచు గుణము కలదు. దానిని కోళ్ళ మేతలలో వాడుచున్నారు. ఐదవది ఎంజైములు, ఇవి మేతలోని జిగురును, పీచును విరుగగొట్టి, చెడుజీవులకు మిగులు ఎంగిలిని తగ్గించును. గోధుమ, బార్లీ మేతలలో వీని ఉపయోగము హెచ్చు. మన మొక్కజొన్నలో అంత జిగురు లేదు.

ఇవన్నియు మంచివే. కాని ఏదియు మంత్రము కాదు. ఒక ఫారములో ఫలించినది వేరొకదానిలో ఫలింపకపోవచ్చును. కడుపులోని జీవులు షెడ్డును బట్టి, మేతను బట్టి, వయస్సును బట్టి మారుచుండును. కాబట్టి పొడులకంటె ముందు పనులు కొన్ని కలవు. పిల్లలు రాకమునుపు షెడ్డు కడిగి, ఎండనిచ్చి, క్రొత్త ఊక పరుపవలెను. పిల్లలు దిగిన వెంటనే వెచ్చదనము, మంచినీరు, మేత అందవలెను. ఊక తడిసి గడ్డకట్టినచో తీసివేయవలెను. నీటిగొట్టములను కడుగుచుండవలెను. ఇరుకుగా నింపరాదు. కొక్కెర తెగులువంటి వ్యాధులకు టీకాలు వేళకు వేయింపవలెను. అది సూక్ష్మజీవులకంటె చిన్నదైన వైరసు తెచ్చునది కాన, దానిపై ఈ మందులేవియు పనిచేయవు. నిజముగా జబ్బుచేసినప్పుడు పశువైద్యునికి చూపి, ఆయన చెప్పిన మందును చెప్పిన దినములు పూర్తిగా వాడి, అమ్ముటకు ముందు ఆయన చెప్పిన గడువు పాటింపవలెను. సంచిమీద ఏమి వ్రాసియున్నదో తెలియని పొడిని మేతలో కలుపరాదు.

గృహిణులకు రెండు మాటలు. కోడిమాంసమును లోపలివరకు బాగుగ ఉడికించినచో సూక్ష్మజీవులు చచ్చును, మందుకు లొంగనివి సైతము చచ్చును. ప్రమాదము వండిన కూరకంటె పచ్చిమాంసము తాకిన చేతిలోను, కత్తిపీటలోను హెచ్చు. పచ్చిమాంసము కోసిన పీటపై కడుగక ఉల్లిపాయలు, కొత్తిమీర కోయరాదు. చేతులు సబ్బుతో కడుగవలెను. రెండవది, ఇంటిలో జలుబు చేసినప్పుడు డాక్టరు చెప్పక మందులషాపునుండి ఇట్టి మాత్రలు తెచ్చి మ్రింగరాదు. రెండు దినములు మ్రింగి మానరాదు. షెడ్డులో రైతు చేయు పొరపాటునే అప్పుడు మనము మన కడుపులో చేయుచున్నవారమగుదుము.

2023-24 లెక్కల ప్రకారము గ్రుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశమున ప్రథమస్థానమున ఉన్నది. తెలంగాణయు వెనుకబడిలేదు. కాబట్టి మన షెడ్లలో జరుగు మంచిచెడ్డలు మన ఇంటితో ఆగవు.

ఆ రైతునకు మేము ఒక్క సలహా చెప్పితిమి. పశువైద్యుని సంప్రదించి, రెండు షెడ్లలో ఒకదానిలో పొడి మాని, ఊకను, నీటిని, గాలిని సరిచేసి, రెండింటి లెక్కలును ఒక పుస్తకమున వ్రాయుమంటిమి. ఆయన అట్లే చేసెను. మొన్న జాబు వ్రాసెను. పొడి మానిన షెడ్డులో కోడి సగటున నలుబది గ్రాములు తక్కువ తూగినదట. చచ్చిన పిల్లలు మాత్రము రెండవ షెడ్డులోకంటె తక్కువట. ఒక్క విడత లెక్కతో నిశ్చయమునకు రాగూడదు. ఆ సంగతి ఆయనకును తెలియును. జాబు చివర ఇట్లు వ్రాసినాడు: "వచ్చే బ్యాచిలో రెండు షెడ్లలోనూ మానేస్తున్నానండి. పొడి డబ్బులతో పైకప్పు బాగుచేయించి, ఊక తడవకుండా చూసుకుంటాను."